ఒకే ఆకు, నాలుగు జాడీలు

మాది కొండపి దగ్గర పల్లె. నారు పోయడం దగ్గర్నుంచి వేలం కేంద్రంలో బేలు మీద ధర చీటీ పడేదాకా పొగాకు గురించి మా ఇంట్లో తెలియని సంగతి లేదు. ఆ బేలు లారీ ఎక్కాక ఏమవుతుందో మాత్రం ఎవరికీ పట్టేది కాదు. డబ్బులు ఎప్పుడు పడతాయన్నదే నాన్నకు టెన్షన్. తాతయ్య చుట్ట తాగేవాడు గానీ అది లంక పొగాకు, మేం పండించే వర్జీనియా కాదు. పైగా చుట్టలో కోసేదేమీ లేదు, ఆకును ఆకులోనే చుట్టడం. బడ్డీకొట్టులో విల్స్ నేవీ కట్ పెట్టెలు చూస్తూ పెరిగాను. ఆ పేరులో ‘కట్’ అంటే ఏమిటని ఒక్కరోజూ అడగలేదు.

అడిగింది ముప్పై దాటాక, డర్హమ్‌లో. నార్త్ కరోలినాలోని ఆ ఊళ్ళో పాత పొగాకు ఫ్యాక్టరీలు, గిడ్డంగులు చాలావరకు ఇప్పుడు ఆఫీసులూ హోటళ్ళూ అయ్యాయి. నేను పనిచేసేదీ అలాంటి ఎర్ర ఇటుకల బిల్డింగులోనే. మా టీములో ఒక పెద్దాయన సాయంత్రం బయటికొచ్చి పైపు తాగేవాడు. ఒకరోజు నా ముందు డబ్బా మూత తీశాడు. లోపల పీచులాంటిదేదో ఉంటుందనుకున్నాను. గోధుమరంగు పలకలు, పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాసన చూశాను. క్యూరింగ్, అంటే ఆకును సెగ మీద ఆరబెట్టడం అయిపోయి, తెల్లవారుజామున ఆ ఆరబెట్టే గది, బ్యారన్, తలుపు తీస్తే ముఖానికి కొట్టే వాసన, దానికి కొంచెం ఎండుద్రాక్ష తోడైనట్టు. ఆరేళ్ళు ఊరికి దూరంగా ఉన్నవాడికి ఆ వాసన చాలు.

ఆ పలకలనే ఫ్లేక్ అంటారు. ఆకు ఈనెలు తీసేసి, కాస్త తడి, వేడి ఇచ్చి, ప్రెస్సులో గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి నొక్కుతారు. గట్టి దిమ్మ తయారవుతుంది. దాన్ని అలాగే అమ్మితే ప్లగ్, పల్చటి పలకలుగా కోస్తే ఫ్లేక్, ఆ ఫ్లేక్‌ను ముందే విడదీసి డబ్బాలో పోస్తే రెడీ రబ్డ్, చిన్న ముక్కలుగా తరిగితే క్యూబ్ కట్. నొక్కకుండా ఆకును నేరుగా సన్నగా తరిగితే రిబ్బన్, ఇంకా సన్నగా నూలుపోగుల్లా తరిగితే షాగ్. తాడులా పేని బిళ్ళలుగా కోసేవీ ఉన్నాయి. వర్జీనియాను, పెరీక్ అనే పులియబెట్టిన పొగాకును కలిపి చేసే ఎస్కుడో బ్రాండు అలాంటిదే, డబ్బా తీస్తే నాణేలు పేర్చినట్టుంటుంది. ఇక నేవీ కట్ సంగతి పెద్దాయనే చెప్పాడు. వెనకటి ఓడ మనుషులు ఆకును గుడ్డలో చుట్టి, తాడుతో బిగించి ఉంచుకునేవారట. కొన్నాళ్ళకు అది దుంగలా గట్టిపడుతుంది. కావలసినప్పుడల్లా కత్తితో కోసుకునేవారు. మా ఊరి బడ్డీకొట్టులో వేలాడిన పేరుకు అర్థం తెలుసుకోవడానికి నేను సముద్రాలు దాటాల్సి వచ్చింది.

మొదట నేర్చుకున్నది కాల్చడం, అది కూడా నాలుక కాల్చుకుని. వర్జీనియాలో చక్కెర ఎక్కువ. నేను వట్టి రిబ్బన్ కొనుక్కుని, సిగరెట్టులా గబగబా దమ్ములు లాగాను. రెండో రోజుకే నాలుక మీద చారు కూడా మండింది. సన్నటి కట్ తేలిగ్గా అంటుకుంటుంది, గాలి బాగా ఆడుతుంది, త్వరగా మండుతుంది, వేడెక్కుతుంది. అంత వేడిలో తీపి తెలియదు, ఘాటే తెలుస్తుంది. ఫ్లేక్ దీనికి పూర్తిగా ఎదురు. మడిచి పైపులో కుక్కితే అంటుకోవడానికే మొండికేస్తుంది. నాలుగైదు అగ్గిపుల్లలు ఖర్చవుతాయి. ఒకసారి పట్టుకుందంటే మాత్రం పొయ్యిలో చింతమొద్దులా నిదానంగా కాలుతుంది. పొగ చల్లగా, చిక్కగా వస్తుంది. అదే పలకను చేత్తో నలిపి విడదీసి నింపితే రుచి ఇంకోలా ఉంటుంది. ముందు దమ్ముల్లోనే ఘాటు, పులుపు పైకొస్తాయి, తీపి వెనక్కి పోతుంది. ఆకు అదే, పైపు అదే, తాగేవాడూ నేనే. మారింది ముక్క సైజొక్కటే.

ఇక్కడో మాట చెప్పాలి. పైపు పొగ మింగరు కాబట్టి ఏం కాదని ఎవరైనా అంటే నమ్మొద్దు. నోటి క్యాన్సర్‌కు ఊపిరితిత్తుల దాకా వెళ్ళాల్సిన పని లేదు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని, తాగే ఆడవాళ్ళ అంగిళ్ళు చూసిన డాక్టర్లను అడిగితే చెబుతారు. నేను వారానికి ఒకటి తాగుతాను, శనివారం సాయంత్రం. అది కూడా తగ్గించమని మా పళ్ళ డాక్టరు పోరు పెడుతూనే ఉన్నాడు. ఈ అలవాటు లేనివాళ్ళు కొత్తగా మొదలుపెట్టడానికి ఇది రాయడం లేదు.

నాకు పట్టుకున్న పిచ్చి తాగడం కన్నా మాగబెట్టడం మీద. డబ్బాలో ఏళ్ళ తరబడి ఉంచితే వర్జీనియా మారుతుందని పెద్దాయన అన్నాడు. ఎలా మారుతుంది, ఏ కట్ ఎంత మారుతుందని అడిగితే భుజాలెగరేశాడు. నేనే చూద్దామనుకున్నాను.

2017లో చేసిన మొదటి ప్రయత్నం నవ్వులపాలైంది. అరలీటరు గాజు జాడీలు రెండు కొని, ఒకదానిలో ఫ్లేక్, ఇంకోదానిలో రిబ్బన్ పెట్టాను. ఆత్రం ఆగక నెలకోసారి మూత తీసి వాసన చూసేవాణ్ణి. మూత తీసిన ప్రతిసారీ కొంత తడి పోయింది, కొత్త గాలి వెళ్ళింది. ఎనిమిదో నెలకు రిబ్బన్ గలగలలాడింది. అయ్యో అనుకుని కుళాయి నీళ్ళు చిలకరించి మూత బిగించాను. మూడు వారాల తర్వాత చూస్తే తెల్లగా ఏదో పట్టి ఉంది. పాత ఫ్లేక్ మీద తెల్లటి స్ఫటికాలు కడతాయని, అది మంచి లక్షణమని అప్పటికే విని ఉన్నాను కాబట్టి సంబరపడిపోయి ఫొటోలు కూడా తీశాను. మా ఆవిడ ఒక్కసారి చూసి, “ఏవండీ, అది బూజు” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నిజంగా బూజే. స్ఫటికమైతే లైటు పడగానే పంచదార రేణువులా మెరుస్తుంది, ఆకుకు అంటుకుని ఉంటుంది. బూజు దూదిలా లేచి ఉంటుంది, ముక్కిన వాసన కొడుతుంది. ఆ జాడీ మొత్తం చెత్తబుట్టలోకి పోయింది.

రెండోసారి బుద్ధిగా చేశాను. ఆ దారి చూపించింది మా అమ్మ ఆవకాయ. మా ఇంట్లో ఆవకాయ, తురుము పచ్చడి ఒకే కాయతో, ఒకే రోజు పెడతారు. తురుము పచ్చడి వారానికే ఊరుతుంది, రుచిగా ఉంటుంది, నాలుగు నెలలకు సొమ్మసిల్లుతుంది. టెంకతో కొట్టిన ఆవకాయ ముక్క మొదట్లో బిరుసుగా ఉంటుంది. దసరా దాటాక అసలు రుచి చూపిస్తుంది. పైగా అమ్మ పెద్ద జాడీని ముట్టుకోనివ్వదు. వాడకానికి చిన్న జాడీలోకి తీస్తుంది. నేను చేసిన తప్పు అక్కడే ఉందని ఫోన్లో ఆవిడ మాటల మధ్య తెలిసింది.

2018 అక్టోబరులో వట్టి వర్జీనియాతో చేసిన ఫ్లేక్ అరకిలో పెట్టె తెప్పించాను. నూరు మిల్లీలీటర్ల పైచిలుకు పట్టే చిన్న గాజు జాడీలు పన్నెండు తెచ్చి, వేడినీళ్ళతో కడిగి, ఒక రోజంతా ఆరబెట్టాను. మూడింటిలో పలకలు విరగకుండా నిలువుగా పేర్చాను. మూడింటిలో అదే ఫ్లేక్‌ను నలిపి, పీచు చేసి నింపాను. మూడింటిలో కత్తెరతో కలకండ ముక్కలంత చదరాలు చేసి పోశాను. మిగిలిన మూడింటిలో నొక్కని వర్జీనియా రిబ్బన్. అది వేరే పెట్టెలోది, ఆకు ఒకటే రకమైనా బేలు ఒకటి కాదు కాబట్టి పోలిక నూటికి నూరుపాళ్ళూ సరిపోదు. ఒక్కో రకంలో ఒక జాడీ ఏడాదికి, ఒకటి మూడేళ్ళకు, ఒకటి ఆరేళ్ళకు తీయాలి. తీసింది ఇక మళ్ళీ మాగబెట్టకూడదు. తేదీలు రాసి అట్టపెట్టెలో పెట్టి, వెలుతురు తగలని బట్టల అల్మారాలో పైన పెట్టేశాను.

జాడీల్లో ఏం జరుగుతుందో నాకు తెలిసినంతలో చెబుతాను. బ్యారన్లో మనం ఆకును మొదట సన్న సెగ మీద పసుపు రంగుకు తెస్తాం. అప్పుడు ఆకులోని పిండిపదార్థం చక్కెర అవుతుంది. ఆ తర్వాత సెగ పెంచుకుంటూ పోయి 160 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా తీసుకెళ్ళి ఈనె ఎండబెడతాం. దాంతో ఆ చక్కెర అలాగే నిలిచిపోతుంది. పైపు పొగాకుల్లో వర్జీనియా అందరికన్నా బాగా మాగడానికి కారణం ఈ చక్కెరే. మూత బిగించాక లోపలున్న గాలిని సూక్ష్మజీవులు కొంతకాలం వాడుకుంటాయి. అది అయిపోయాక మార్పు చాలా నెమ్మదిస్తుంది. చక్కెరలూ అమైనో ఆమ్లాలూ ఒకదానితో ఒకటి కలిసి ఆకు రంగు ముదురుతుంది. రొట్టె కాలితే వచ్చే గోధుమరంగు లాంటిదే, కాకపోతే ఏళ్ళ తరబడి వస్తుంది. గాలికి ఆరబెట్టే బర్లీ రకం పొగాకులో చక్కెర దాదాపు ఉండదు కాబట్టి అది పెద్దగా మారదు. పొగబెట్టి ఆరబెట్టే లటాకియా రకంలో ఏళ్ళు గడిచేకొద్దీ పొగవాసన మెత్తబడుతుంది.

2019 అక్టోబరులో మొదటి నాలుగు తీశాను. అనుకున్నట్టే నలిపిన జాడీ అందరికన్నా ముందుంది. ముక్కుకు గుచ్చుకునే పచ్చి వాసన పోయి, అంజీరలాంటి పుల్లటి తీపి వచ్చింది. రిబ్బన్‌లో ఘాటు తగ్గింది, గడ్డివాసన అలాగే ఉంది. చదరాలు మధ్యస్థం. పలకలు మాత్రం పెట్టెలోంచి నిన్న తీసినట్టే ఉన్నాయి. ఇంతేనా అనిపించింది. నా లెక్క సరిపోయిందనుకున్నాను, చిన్న ముక్క త్వరగా ఊరుతుంది, అంతే కదా.

2021లో తీసినప్పుడు లెక్క కాస్త తారుమారైంది. పలకలు నలిపినదాన్ని అందుకున్నాయి. రంగు బెల్లం అచ్చులా దిగింది. నలిపింది కూడా బావుంది. నిజం చెప్పాలంటే కళ్ళు మూసుకుని తాగిస్తే ఏది ఏదో చెప్పలేకపోయాను. తేడా కాలే తీరులోనే. పలకను మడిచి పెడితే గంటన్నర వచ్చింది, నలిపింది నలభై నిమిషాల్లో బూడిదైంది. కానీ రిబ్బన్ ఎక్కడుందో అక్కడే ఉంది. మెత్తబడింది, ఘాటు పోయింది, దాని స్థానంలో కొత్తగా ఏమీ రాలేదు. ముక్క సైజే కారణమైతే రిబ్బన్, నలిపిన ఫ్లేక్ రెండూ పీచే కదా, రెండూ ఒకేలా మాగాలి. బేలు తేడా వల్లేమోనని సరిపెట్టుకున్నాను గానీ మనసులో అది పీకుతూనే ఉంది.

ఆ ముడి విప్పింది నాన్న. 2024లో అమ్మా నాన్నా ఆరు నెలలు ఉండిపోదామని వచ్చారు. ముప్పై ఏళ్ళు పొగాకు పండించిన మనిషి, జీవితంలో ఒక్క సిగరెట్టు ముట్టుకోలేదు. ఆయన్ను ఇక్కడికి దగ్గర్లోని కాస్వెల్ కౌంటీ కథతో మొదట నవ్వించాను. 1839లో అక్కడ స్టీఫెన్ అనే బానిస కుర్రాడు ఆకు ఆరబెడుతూ కునుకు తీశాడట. మంట ఆరిపోవస్తుంటే కంగారుపడి కట్టెలకు బదులు బొగ్గు వేశాడట. ఆ సెగకు ఆకు బంగారు పసుపులో దిగింది. వర్జీనియా క్యూరింగ్ అక్కడ మొదలైందని చెబుతారు. నాన్న అన్నాడు, “అక్కడ నిద్రపోతే బంగారం వచ్చింది. మన దగ్గర నిద్రపోతే గొట్టాల మీద ఆకు రాలి బ్యారనే తగలబడింది కదరా.” 1990ల్లో మా బాబాయి వాళ్ళ బ్యారన్ అలాగే పోయింది. నవ్వాడు గానీ ఆ తర్వాత కాసేపు మాట్లాడలేదు. పేరు మిగిలినా కూలి మిగలని ఆ కుర్రాడి గురించి ఆలోచించాడో, తమ్ముడి గురించి ఆలోచించాడో అడగలేదు.

అక్టోబరులో చివరి నాలుగు జాడీలు డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. చీటీలు కనపడకుండా తిప్పి, ముందు మా ఆవిడకు వాసన చూపించాను. పొగంటే ఆమెకు పడదు, కానీ ముక్కు మాత్రం కుక్కముక్కు. పలకల జాడీ దగ్గర “తాటిబెల్లం, ఎండు ఖర్జూరం” అంది. నలిపినదాని దగ్గర “అదే, కాస్త పల్చగా” అంది. చదరాల దగ్గర “చింతపండు డబ్బా” అంది. రిబ్బన్ దగ్గర మాత్రం రెండుసార్లు చూసి “ఎండుగడ్డి” అని జరిపేసింది. పలకల అంచుల మీద లైటు పడితే సన్నటి రవ్వలు మెరిశాయి. ఈసారి బూజు కాదు.

నాన్న వాసన చూడలేదు. ఒక పలక తీసి వేళ్ళ మధ్య వంచాడు. విరగలేదు, పిండితే తడి తగల్లేదు. “పదును మీదుంది” అన్నాడు. క్యూరింగ్ అయ్యాక రాత్రి బ్యారన్ తలుపులు తీసి పెడితే ఆకు మంచుకు మెత్తబడుతుంది, ముట్టుకుంటే పొడికాని ఆ మెత్తదనానికి మా వైపు మాట పదును. పైపువాళ్ళు నూటికి పన్నెండు నుంచి పద్నాలుగు శాతం తేమ అంటారు. నాన్న వేళ్ళకు ఆ లెక్క అక్కర్లేదు. తాగే ముందు ఫ్లేక్‌ను గంటసేపు పళ్ళెంలో ఆరబెట్టాలా, రెండు గంటలా అని నేను ఏడేళ్ళుగా తంటాలు పడుతున్నాను. ఆయన చెప్పిన గుర్తు ఒకటే, పిడికిట్లో నొక్కి వదిలితే ఉండలా నిలవకూడదు, పొడీ రాలకూడదు, నెమ్మదిగా విచ్చుకోవాలి. ఆ రోజు నుంచి నేను గడియారం చూడటం మానేశాను.

తర్వాత రిబ్బన్ పిడికెడు తీసుకుని చూశాడు. “దీన్ని మండె వెయ్యలేదు” అన్నాడు. ఫ్యాక్టరీవాళ్ళు మండె ఎందుకు వేస్తారు నాన్నా అన్నాను. “మరి ఇది ఏంది?” అని పలక చూపించాడు.

అప్పుడు వెలిగింది. మా దగ్గర క్యూరింగ్ అయిన ఆకును గ్రేడు చేసే ముందు మండె కడతారు. దొంతరలుగా పేర్చి, కప్పి, బరువు మీద ఉంచి, లోపల వేడి మరీ పెరగకుండా మధ్యమధ్యలో తిరగేస్తారు. ఆకులోని రసం ఆకులోకి పాకి, పచ్చిదనం పోయి, రంగు ఒకటవుతుంది. ప్రెస్సు చేసేదీ ఆ పనే, ఇనుముతో, ఇంకా గట్టిగా. లోపలి గాలిని బయటికి నెట్టేస్తుంది, ఆకు కణాలు నలిగి రసం బయటికొస్తుంది, నాలుగు చేలల్లో పండిన ఆకు ఒక దిమ్మవుతుంది. ఆ తర్వాత దాన్ని పలకలు చేసినా, చదరాలు చేసినా, నలిపి పీచు చేసినా నొక్కుడు మాత్రం లోపలే ఉంటుంది. నా నలిపిన జాడీ పలకల వెంటే నడిచింది అందుకే. రిబ్బన్ పీచైనందువల్ల వెనకబడలేదు, ఎప్పుడూ ఒత్తిడి చూడనందువల్ల వెనకబడింది. మాగడానికి కత్తి కన్నా ముందు ప్రెస్సు ముఖ్యం. కత్తి పనంతా పైపులో, మంట దగ్గర. ఇన్నేళ్ళూ నేను ఆ రెండింటినీ ‘కట్’ అనే ఒక్కమాటలో కలిపేసి చూశాను.

ఇది పన్నెండు జాడీల మాట, అదీ ఒక్కడి నాలుక మీద. ఇంకొకరికి మూడేళ్ళ నలిపినదే నచ్చవచ్చు. నాకైతే ఇప్పుడు కొనేటప్పుడు అలవాటు మారింది. ఏడాదిలోపు తాగేదైతే రెడీ రబ్డ్ తీసుకుంటాను, ఊరికే పలకలు కొని నలుపుకోవడం దేనికి? దాచుకునేదైతే ఫ్లేక్, దొరికితే ప్లగ్. ప్లగ్‌తో ఇంకో సుఖం ఉంది. కత్తి మన చేతిలో ఉంటుంది. బొటనవేలి గోరంత మందంగా కోస్తే ఒక రుచి, ఉల్లిపొరలా చెక్కితే ఇంకో రుచి. షాగ్ జోలికి మాత్రం పోను. మళ్ళీ చారు తాగేటప్పుడు నాలుక గుర్తొస్తుంది.

నాన్న తిరిగి వెళ్ళే ముందు నవంబరులో ఒక పని చేశాం. మిగిలిన రిబ్బన్ డబ్బాను ఆవిరికి పదునెక్కించి, రెండు మేపుల్ చెక్కల మధ్య పోసి, వడ్రంగి బిగింపులు నాలుగు తెచ్చి మూలమూలకూ పెట్టాను. నేను చేతనైనంత తిప్పి ఇక చాలన్నాను. నాన్న ఒక్కో మరా వేలితో తట్టి చూసి, “ఇంకో చుట్టు తిప్పరా, ఇది ఇంకా గాలి పీలుస్తాంది” అన్నాడు. పది రోజులకు చెక్కలు విప్పితే చిన్న ఇటుకంత దిమ్మ వచ్చింది, అంచులు మాత్రం కాస్త రాలాయి. సగం పలకలు కోశాను, సగం దిమ్మగానే ఉంచాను. రెండు జాడీల మీదా నాన్న తన చేత్తోనే తేదీ వేశాడు. 2027 సంక్రాంతికి మొదటిది తీయాలి.